పుస్తకంలో మిగులు, కార్డులో అప్పు

ప్రశ్న

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు, పేరు వేయొద్దని కోరుతూ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 38. బీకామ్ చదివి, పెళ్లయిన కొత్తలో ఒక ఆడిటర్ ఆఫీసులో లెక్కలు చూసేవారు. 2015లో బాబు పుట్టాక మానేశారు. భర్తది ప్రైవేటు ఉద్యోగం, చేతికి 62 వేలు వస్తుంది. పాప పదో తరగతి. అత్తగారు వీళ్లతోనే ఉంటారు. ఇంటి ఖర్చంతా ఈమె చేతి మీదుగానే జరుగుతుంది.

2020 లాక్‌డౌన్‌లో భర్త జీతం సగానికి కోసినప్పుడు ఫోన్‌లో సరుకులు తెప్పించడం మొదలైంది. ఎక్కడ ఏ కూపన్ నడుస్తోంది, ఏ కార్డుకు ఏ రోజు ఎంత తగ్గుతుంది అన్నవి క్రమంగా కంఠతా వచ్చేశాయి. ఆఫర్ల కోసం టెలిగ్రామ్ గ్రూపుల్లో చేరారు. కొన్న ప్రతి వస్తువుకూ ఎమ్మార్పీ ఎంత, తాను కట్టింది ఎంత, తేడా ఎంత అని ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాస్తారు. పోయిన ఏడాది ఆ తేడాలన్నీ కలిపితే 41,300 రూపాయలు వచ్చింది. "మా ఆయన సంపాదిస్తారు, నేను మిగులుస్తాను. ఇదే నా జీతం అనుకున్నాను" అని రాశారు.

జనవరిలో భర్త తన మెయిల్‌లో కార్డు బిల్లు తెరిచి చూశారు. బాకీ 54 వేలు. ఎనిమిది నెలలుగా ఈమె మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కట్టక తప్పని కనీస మొత్తం, మాత్రమే కడుతున్నారు. భర్త కూతురి ఎదుటే "నీకు కూపన్ల పిచ్చి పట్టింది" అని అరిచి, ఫోన్, కార్డు ఇచ్చేయమన్నారు. ఆయనకు తెలియని సంగతులు ఇంకా రెండున్నాయి. పుట్టింటి నుంచి వచ్చిన 40 వేలు ఎఫ్‌డీ వేసి, దాని మీద ఈమె తన పేరున ఇంకో కార్డు తీసుకున్నారు. అందులో 32 వేల బాకీ ఉంది. అలాగే ఆడపడుచుకు ఫోన్ కొనేటప్పుడు "నీ కార్డుకు పది శాతం తగ్గుతుంది కదా వదినా" అంటే కొనిపెట్టారు. 18,500 ఫోన్ 16,650కి వచ్చింది. అందులో ఆమె ఇచ్చింది 8 వేలు. మిగతాది అయిదు నెలలైనా రాలేదు.

నెల సరుకులు నాలుగేళ్ల కింద 9 వేలు, ఇప్పుడు 16 వేలు. అటక నిండా సబ్బులు, షాంపూలు. పురుగు పట్టిన కందిపప్పును అత్తగారు డాబా మీద ఎండబెడుతూ ఏమీ అనలేదట. ఆమె అలా ఊరుకోవడమే ఎక్కువ బాధపెట్టిందట. లాక్‌డౌన్‌లో నెలల తరబడి ఖాతా పెట్టిన వీధి చివరి కిరాణా బాబాయి గారు ఎదురవుతారని ఇప్పుడు పక్క సందులోంచి వెళ్తున్నారట. లక్ష రూపాయల చీటీలో ఇంకా అయిదు నెలలు మిగిలాయి, అది పాప ఇంటర్ ఫీజుకు అనుకున్నది. వచ్చే ఏడాది ఇద్దరి పేరా లోన్ తీసుకుని ఫ్లాట్ కొనాలని ఆలోచన.

"నేను ఒక్క చీర కూడా పూర్తి రేటుకు కొనలేదు. దుబారా మనిషిని కాను. ఇది నిజంగా జబ్బా? అన్నీ ఒక్కసారిగా మానేయాలా? రెండో కార్డు సంగతి చెబితే ఇంట్లో నన్నిక నమ్ముతారా?"

సమాధానం

అమ్మా, మీ మూడు ప్రశ్నల్లో చివరిదే ముందు తీసుకుంటాను. మిగతా రెండూ ఓ నెల ఆగినా ఫర్వాలేదు. దాని మీద మాత్రం రోజూ వడ్డీ నడుస్తోంది.

"ప్రతి నెలా టైముకు కడుతూనే ఉన్నాను" అని రాశారు. బిల్లులో అయిదు శాతమో ఎంతో మినిమమ్ డ్యూ కడితే లేట్ ఫీజు తప్పుతుంది, అంతవరకే. మిగిలిన బాకీకి వడ్డీ పడుతూనే ఉంటుంది. మన దగ్గర కార్డు వడ్డీ మామూలుగా నెలకు 3 నుంచి 3.75 శాతం దాకా ఉంటుంది, అంటే ఏడాదికి 36 నుంచి 45. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. పైగా పాత బాకీ పూర్తిగా తీరేవరకు, కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు ఉండదు. కొన్న రోజు నుంచే లెక్క మొదలవుతుంది. ఈ ఎనిమిది నెలల్లో అయిదు శాతం క్యాష్‌బ్యాక్ కోసం కార్డు గీకిన ప్రతిసారీ, నెలన్నర తిరిగేసరికి ఆ అయిదు శాతం వెనక్కి పోయింది.

మీ అంకెలే తీసుకుందాం. రెండు కార్డులూ కలిపి 86 వేలు. మూడున్నర శాతం చొప్పున నెలకు వడ్డీ 3,010, జీఎస్టీ 542, మొత్తం 3,552. మీ నోట్‌బుక్ ప్రకారం ఏడాదికి 41,300 మిగిలిందంటే నెలకు దాదాపు 3,440. అంటే ఆ నోట్‌బుక్‌లో మీరు రాసిన ప్రతి రూపాయీ నిజంగా మిగిలిందే అనుకున్నా, ఈ బాకీ ఉన్నన్నాళ్లూ నెలకు 110 రూపాయలు ఎదురు పెడుతున్నారు. నిజంగా అంత మిగిలిందా అన్నది కాసేపాగి చూద్దాం.

బాకీ తీర్చడానికి మీకు నాలుగు దారులున్నాయి.

ఎఫ్‌డీ దారి అన్నిటికన్నా సులువు. ఆ డబ్బు ఆరేడు శాతం సంపాదిస్తుంటే, దాని మీద తీసుకున్న కార్డు నలభై శాతం తినేస్తోంది. కార్డు మూసేసి, ఎఫ్‌డీ రద్దు చేసి బాకీ జమ వేసుకోమంటే బ్యాంకు మిగతాది మీ ఖాతాలో వేస్తుంది. అమ్మ ఇచ్చిన డబ్బు అలా పోయిందే అన్న బాధ ఉంటుంది, కాదనను. కానీ ఆ డబ్బు ఇప్పటికే పోయింది, కాగితం మీద మాత్రమే ఉంది. ఆలస్యమైతే బ్యాంకే దాంట్లోంచి రాబట్టుకుంటుంది, అప్పటిదాకా వడ్డీ అదనం.

54 వేల కార్డుకు చీటీ పాట ఎత్తొచ్చు. చివరి నెలలు కాబట్టి తోపుడు, అంటే పాటలో వదులుకునే డబ్బు, తక్కువే పోతుంది, ఒక్కసారిగా బయటపడతారు. కానీ జూన్‌లో ఫీజు కట్టాల్సి వచ్చినప్పుడు మళ్లీ చేతులు ఖాళీ. అప్పుడు ఫీజు కోసం ఇంకో అప్పు. అది కాకుండా, ఆ బాకీని ఈఎంఐలుగా మార్చమని బ్యాంకును అడగొచ్చు. కార్డు మీ ఆయన పేరున ఉంది కాబట్టి అడగాల్సింది ఆయన. దీనికీ వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు ఉంటాయి గానీ, మామూలు కార్డు వడ్డీలో సగం లోపే ఉంటుంది చాలా బ్యాంకుల్లో. తొమ్మిది నెలలకు పెట్టుకుంటే నెలకు ఆరున్నర వేలు దాటుతుంది. 62 వేల జీతంలో అది నొప్పే. బ్యాంకులో బంగారం పెట్టి తీసుకుంటే వడ్డీ ఇంకా చవక, కానీ మీ ఇంట్లో ఇప్పుడున్న వాతావరణంలో బీరువా తెరవడం వేరే గొడవకు దారి తీస్తుందేమో మీరే చూసుకోవాలి.

నా మొగ్గు ఎఫ్‌డీతో రెండో కార్డు మూసి, మొదటిదాన్ని ఈఎంఐలుగా మార్చి, చీటీని ముట్టుకోకుండా ఉంచడం వైపు. ఏ దారి పట్టినా ఒక షరతు ఉంది: బాకీ తీరేదాకా ఆ కార్డు మీద కొత్తగా ఒక్క రూపాయి కొనుగోలు పడకూడదు. ఎంత మంచి ఆఫరైనా సరే.

ఇక మీ ఆయనకు చెప్పడం సంగతి. చెప్పకుండా చక్కబెట్టేయొచ్చా అంటే, డబ్బు వరకు వీలవుతుంది. ఎఫ్‌డీ రద్దవుతుంది, కార్డు పోతుంది, ఎవరికీ తెలియదు. కానీ ఫ్లాట్ లోన్‌కు ఇద్దరి పేరా దరఖాస్తు పెడితే బ్యాంకు ఇద్దరి క్రెడిట్ రిపోర్టులూ తీస్తుంది. మూసేసిన కార్డు కూడా అందులో కనిపిస్తుంది. ఆ మాట ఆయన బ్యాంకు ఆఫీసర్ నోటి నుంచి వినడం కన్నా మీ నోటి నుంచి వినడం నయం. అలాగని ఉన్నపళంగా చెప్పమనడం లేదు. ఉదయం బ్యాంకుకు వెళ్లి కార్డు మూసే కాగితం ఇచ్చి రండి. రాత్రి పిల్లలు పడుకున్నాక, అత్తగారు వినని చోట, ఒకే కాగితం మీద మూడూ రాసి ముందు పెట్టండి: 54 వేలు, 32 వేలు, ఆడపడుచు ఇవ్వాల్సిన 8,650. ఇవాళ ఒకటి, వారం తర్వాత ఒకటి చెబితే, ఇంకెన్ని ఉన్నాయో అని ఆయన ఏడాది పాటు వెతుకుతూనే ఉంటారు. "ఉంది" అన్న మాట పక్కనే "మూసేశాను" అన్న మాట కూడా ఉంటే వినేవాళ్లకు కాస్త ఊపిరి ఆడుతుంది.

ఆయనకు కోపం వస్తుంది. నాలుగు రోజులు మాట్లాడకపోవచ్చు. డబ్బు పెత్తనం మొత్తం లాక్కోవచ్చు కూడా, దాని గురించి కింద రాస్తాను. మీ ఇంట్లో కోపం అంటే చెయ్యి లేవడం అయితే మాత్రం ఈ సలహా మీకు వర్తించదు. అప్పుడు ముందు మీ అమ్మగారికి చెప్పి, ఆవిడ ఉన్నప్పుడే ఆ మాట ఎత్తండి. 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు కూడా దగ్గర పెట్టుకోండి.

ఆయన వైపు నుంచీ ఒక మాట అనాలి. మీ ఉత్తరంలో రెండో పేజీ చివర, స్నేహితుల ముందు ఆయన "మా ఆవిడ ఏదీ పూర్తి రేటుకు కొనదు" అని గొప్పగా చెప్పుకునేవారని రాశారు. ఎయిర్ ఫ్రయర్ కావాలన్నదీ ఆయనేనట. బిల్లు ప్రతి నెలా ఆయన మెయిల్‌కే వచ్చింది. ఎనిమిది నెలలు తెరవలేదు. అప్పు చేసింది మీరే, అందులో సందేహం లేదు. కానీ పిల్ల ముందు పిచ్చి అన్న మాట వాడే హక్కు ఆయనకు దానివల్ల రాలేదు. మీరు చెప్పాల్సినవన్నీ చెప్పేశాక ఆ మాట కూడా అడగండి. ముందు అడిగితే అది తప్పించుకోవడంలా వినిపిస్తుంది.

ఇప్పుడు నోట్‌బుక్. మీరు పంపిన రెండు పేజీల ఫొటోలు చూశాను. గీతలు, తేదీలు, మొత్తాలు అన్నీ ముచ్చటగా ఉన్నాయి. కానీ ఎమ్మార్పీకీ మీరు కట్టినదానికీ ఉన్న తేడాను మిగులు అని రాశారు. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదన్న హద్దు. అంతకే అమ్మాలని లేదు, చాలా సరుకులు అంతకు ఎవరూ అమ్మరు, ఎవరూ కొనరు. మీ పేజీలో కందిపప్పు కిలో ఎమ్మార్పీ 240, కట్టింది 149, మిగులు 91 అని ఉంది. మీ కిరాణా బాబాయి గారి దగ్గర ఆ రోజు విడి పప్పు 150 అయి ఉంటే, మిగిలింది ఒక్క రూపాయి. మిగతా 90 ప్యాకెట్ మీద అచ్చు వేసినవాడి లెక్క, మీ లెక్క కాదు.

ఇంకో వరుస చూడండి. "1,500 దాటితే 150 తగ్గింపు." ఆ రోజు మీకు కావాల్సిన సరుకులు 1,140. గీత దాటించడానికి బిస్కెట్లు, రూమ్ ఫ్రెష్‌నర్, రెండు షాంపూలు కలిపారు. బిల్లు 1,350 అయింది. పుస్తకంలో 150 మిగులు పడింది, ఖాతాలోంచి 210 ఎక్కువ వెళ్లింది. ఆ షాంపూలు వచ్చే నెల ఎలాగూ కొనేవే అయితే నష్టం లేదు, కాస్త లాభమే. అలా కలపడం తెలివైన పనే. కానీ రూమ్ ఫ్రెష్‌నర్ అంతకుముందు మీ ఇంట్లో లేదు. పుస్తకంలో ఈ రెండు రకాలూ ఒకే వరుసలో ఉన్నాయి, అదీ చిక్కు.

అటక మీద సబ్బుల గురించి ఒక చేదు లెక్క ఉంది, చెప్పక తప్పదు. ఆగస్టులో పన్నెండు శాతం తగ్గింపుకు ఏడాదికి సరిపడా సబ్బులు, షాంపూలు, పేస్టులు కొన్నానని రాశారు. 2025 సెప్టెంబరు 22న వీటి మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. 118 ఉండాల్సింది 105 అయిందంటే పదకొండు శాతం తగ్గినట్టు. ఏ కూపనూ లేకుండా, వీధి చివరి కొట్టుకు వెళ్లిన ప్రతి ఒక్కరికీ. అది మీరు ముందే కనిపెట్టలేరు, తప్పు పట్టడం లేదు. అటక మీద నింపినదానికి ఇలాంటి రిస్కులు ఉంటాయి: రేటు తగ్గొచ్చు, గడువు దాటొచ్చు, పురుగు పట్టొచ్చు, పిల్లకు ఆ వాసన నచ్చకపోవచ్చు.

రిబేటు మనకు కొత్తేమీ కాదు. గాంధీ జయంతికి ఖాదీ భండార్‌లో, పండగలకు ఆప్కోలో రిబేటు బోర్డు కట్టేవాళ్లు. ఎలాగూ కొనాల్సిన పంచె, దుప్పటి కొనుక్కుని ఇంటికొచ్చేవాళ్లం. బోర్డు కొట్టు బయట ఉండేది, మనం వెళ్తేనే కనబడేది. ఇప్పుడది రాత్రి పదకొండింటికి దిండు పక్కన మోగుతోంది. మిమ్మల్ని తొందరపెట్టడానికే దాన్ని తయారు చేశారు. "ఇంకా 9 నిమిషాలే" అని తప్పుడు తొందర పెట్టడం, మీరు పెట్టని వస్తువును బుట్టలో చేర్చడం, చివరి పేజీలో హ్యాండ్లింగ్ ఛార్జీ కలపడం, "వద్దు, నాకు ఆదా అక్కర్లేదు" అన్న బటన్ నొక్కించి సిగ్గుపడేలా చేయడం లాంటి 13 రకాల మాయలను కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో జాబితా చేసి నిషేధించింది. నిషేధించినా పూర్తిగా పోలేదు. ఎక్కడైనా ఇలా డబ్బు పోతే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు. మీకు ఇది ఎందుకు చెబుతున్నానంటే, "నాకే ఎందుకిలా నిగ్రహం లేదు" అని మూడుసార్లు రాశారు. అవతల మీ నిగ్రహాన్ని కదిలించడమే ఉద్యోగంగా చేసే మనుషులు ఉన్నారు.

మరి అన్నీ మానేయాలా? మానేయొచ్చు. మూడు నెలలు యాప్‌లు తీసేసి, గ్రూపుల్లోంచి బయటికొచ్చి, నెలకు ఇంత అని నగదు కవర్లో పెట్టుకుని కొట్టుకు వెళ్లడం. ఖర్చు తగ్గిందో లేదో అనుమానం లేకుండా తేలిపోతుంది. ఇబ్బందేమిటంటే, డిటర్జెంట్, నూనె, డైపర్ల లాంటివాటి మీద కొన్ని కూపన్లు నిజంగానే పనికొస్తాయి, అవీ పోతాయి. ఇంకో ఇబ్బంది, నాలుగో నెల తిరిగి వచ్చాక అంతకు రెండింతలు కొనేవాళ్లుంటారు, ఉపవాసం విడిచాక విస్తరి ముందు కూర్చున్నట్టు. మీరు ఆ రకమో కాదో మీకే తెలియాలి.

ఆయన అడిగినట్టు ఫోన్, కార్డు, ఖర్చు మొత్తం ఆయనకు అప్పగించడం ఇంకో దారి. కొన్నాళ్లు ఇంట్లో గొడవ సద్దుమణుగుతుంది. కానీ ఏ పప్పు ఎంతో, నూనె ఎన్నాళ్లు వస్తుందో ఆయనకు తెలియదు. ప్రతి వంద రూపాయలకూ మీరు చెయ్యి చాపాల్సి వస్తుంది. పెళ్లయిన పదిహేడేళ్లకు ఆ పద్ధతి మొదలైతే తర్వాత మార్చడం కష్టం. కార్డు ఇచ్చేయండి, అందులో అవమానం లేదు. సరుకుల డబ్బు మాత్రం మీ దగ్గరే ఉండాలని అడగండి, నెలాఖరున లెక్క ఇద్దరూ కలిసి చూసే ఒప్పందం మీద.

మూడోది నడిమి దారి, కానీ దీనికి క్రమశిక్షణ ఎక్కువ కావాలి. జాబితా ముందు, కూపన్ తర్వాత. ఒకటో తారీఖున ఇంట్లో ఏముందో అటకతో సహా చూసి, లేనివి రాసుకుని, వాటికి మాత్రమే ఆఫర్ వెతకడం. ఒక యాప్, ఒక సూపర్ మార్కెట్, అంతే. నోటిఫికేషన్లు ఆపేయడం. డబ్బు డెబిట్ కార్డుతోనో యూపీఐతోనో, ఉన్నదాంట్లోంచే. కూరగాయలకు కూపన్లు వెతక్కండి, మీకు దగ్గర్లో ఎర్రగడ్డ రైతు బజార్ ఉందని రాశారు, అక్కడ రేట్లు బోర్డు మీదే ఉంటాయి.

ఈ దారిలో మీ కంటికి మంచి పని ఉంది. ప్యాకెట్ మీద ఇప్పుడు గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో విడి ధర వేస్తున్నారు. ఎమ్మార్పీ వదిలేసి దాన్ని చూడండి. లీటరు నూనె అంటే దాదాపు 910 గ్రాములు. అదే ఎత్తు, అదే రంగు ప్యాకెట్లు 850, 800 గ్రాములవి పక్కనే ఉంటాయి, పది రూపాయలు తక్కువకు. ఆ పది ఒక్కటే చూసి కొంటే నష్టపోవచ్చు. "రెండు కొంటే ఒకటి ఉచితం" అన్నప్పుడు మూడింటి గ్రాములు కలిపి భాగిస్తే తెలిసిపోతుంది. ఇది మీకు చిటికెలో పని, మామూలు వాళ్లకు కాదు.

పుస్తకం మానకండి. మిగులు అన్న గడి మాత్రం కొట్టేసి, నెలకు మూడే అంకెలు రాయండి: సరుకులకు మొత్తం ఎంత బయటికెళ్లింది, పోయిన ఏడాది ఇదే నెలలో ఎంత, నెలాఖరు రోజు బ్యాంకులో ఎంత ఉంది. 9 వేలు 16 వేలు అవడంలో ధరల పెరుగుదల ఉంది, పిల్లలు పెద్దవాళ్లయ్యారు, అదీ ఉంది. ఏది ఎంతో నాలుగైదు నెలల్లో మీకే కనిపిస్తుంది. కార్డు మీద వార్షిక రుసుము మాఫీ కోసం ఇంత ఖర్చు పెట్టాలన్న షరతులు ఉంటే అవి ఈ పుస్తకంలోకి రానివ్వకండి.

బాబాయి గారి కొట్టు సంగతి. కొన్ని వస్తువులు ఆయన దగ్గర రెండు మూడు రూపాయలు ఎక్కువే పడతాయి. బదులుగా పావుకిలో చింతపండు పావుకిలోగానే దొరుకుతుంది, గీత దాటించే పని ఉండదు. మీరు మళ్లీ వెళ్తే ఆయన ఏమంటారోనని బెంగ పెట్టుకున్నారు. నాకు తెలిసినంతలో కొట్టువాళ్లు ఏమీ అనరు, "చాన్నాళ్లయింది కదమ్మా" అంటారేమో. ఖాతా మాత్రం మళ్లీ తెరవొద్దు, ఇప్పుడున్న బాకీలు చాలు.

ఆడపడుచు విషయంలో మొహమాటం ఖరీదు లెక్క వేశాను. 8,650 మీద వడ్డీ, జీఎస్టీ కలిపి నెలకు 357. అయిదు నెలలకు 1,786. ఆమెకు దొరికిన తగ్గింపు 1,850. దాన్ని దాదాపు మొత్తం మీరే కట్టారు. "ఫోన్ డబ్బులు కార్డు బిల్లులో ఉన్నాయి, ఫలానా తేదీలోపు 8,650 పంపించు" అని తేదీ వేసి మెసేజ్ పెట్టండి. వడ్డీ అడగాలా వద్దా అన్నది మీ ఇష్టం, నేనైతే అడగను, చెప్పి ఊరుకుంటాను. ఆమె అలగొచ్చు, అన్నకు చెప్పొచ్చు. అందుకే మీ ఆయనకు మీరు ముందే చెప్పి ఉండాలి. ఇకముందు ఎవరైనా కార్డు అడిగితే, డబ్బు ముందు వేస్తేనే కొంటానని చెప్పడం తేలిక. మొదటిసారి కష్టం, రెండోసారి ఎవరూ అడగరు.

ఇది జబ్బా అని అడిగారు. ఉత్తరం చూసి ఆ మాట చెప్పడం సరికాదు. పార్సిల్ వస్తే పక్కింట్లో పెట్టించడం, కొనకపోతే నిద్ర పట్టకపోవడం, మానాలనుకున్న రోజే మళ్లీ కొనడం, దాని గురించి అబద్ధాలు పేరుకోవడం, ఇవి ఉంటే ఒకసారి సైకాలజిస్టుతో మాట్లాడటం మంచిది. మీరు రెండోది తప్ప అన్నీ కాస్తో కూస్తో ఉన్నాయని రాశారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఉచితంగా, తెలుగులో మాట్లాడొచ్చు. పైన చెప్పినవేవైనా రెండు నెలలు పాటించి చూసి, చేతకాలేదనిపిస్తే ఆగకుండా ఫోన్ చేయండి. ముందే చేసినా తప్పు లేదు.

చివరిగా "ఇదే నా జీతం" అన్న మాట. కూపన్ల కన్నా దీని గురించే ఎక్కువసేపు ఆలోచించాను. ఉద్యోగం మానిన పదకొండేళ్లలో మీ లెక్కల చేతికి ఇంట్లో దొరికిన పని ఇదొక్కటే, మెచ్చుకోలు కూడా దీనికే దొరికింది. మానేయమంటే అందుకే అంత భయం వేసింది. అది దుబారా కాదు, నేనూ ఒప్పుకుంటాను. ఆ పని మానక్కర్లేదు, కానీ అది ఒక్కటే మీ సంపాదన అనుకుంటే, ఎక్కువ మిగిల్చానని చూపించడానికి ఎక్కువ కొనాల్సి వస్తుంది. మీకు జరిగింది అదే.

ఫోన్‌లో తిరిగే "ఇంట్లో కూర్చుని సంపాదించండి" మెసేజ్‌ల వైపు మాత్రం వెళ్లొద్దు, ముందు డబ్బు కట్టమనే వాటిలోకి అసలే వద్దు. మీ పాత ఆఫీసుకు ఫోన్ చేసి చూడండి. మార్చి, ఏప్రిల్‌లలో ఆడిటర్ ఆఫీసుల్లో చేతులు చాలవు. మీరు మానేసింది 2015లో, జీఎస్టీ వచ్చింది 2017 జూలైలో, కాబట్టి రిటర్నుల పద్ధతి కొత్తగా నేర్చుకోవాలి. మొదట్లో ఇచ్చేది తక్కువే ఉంటుంది. రోజుకు నాలుగు గంటలు బయటికెళ్తే బాబును స్కూలు నుంచి ఎవరు తెస్తారు, మధ్యాహ్నం అత్తగారికి ఎవరు వడ్డిస్తారు అన్నవి తేల్చుకోవాలి. ఆ మాటలు కూడా మీ ఆయనతో అదే రాత్రి మాట్లాడొద్దు. ముందు కార్డుల కాగితం. ఈ సంగతి ఆ తర్వాతి ఆదివారానికి ఉంచండి, అప్పటికి ఫోన్‌లో ఆఫీసువాళ్లు ఏమన్నారో కూడా తెలిసి ఉంటుంది.